నీళ్ళు పోస్తూ ఎన్నాళ్ళు?

మీ బండి డిక్కీలో నీళ్ళ సీసా ఉందా? తాగడానికి కాదు, రేడియేటర్‌లో పోయడానికి. ఉంటే ఈ నాలుగు మాటలూ మీకే. మాకసలు బండే లేదంటారా? అయినా చదవండి. అలాంటి సీసా డిక్కీలోనే ఉండాలని ఎక్కడా లేదు.

నా దగ్గర ఎనిమిది నెలలు ఉంది. నాన్నగారు వదిలివెళ్ళిన 1997 మోడల్ మారుతి 800. 1983 డిసెంబరులో రోడ్డెక్కి, 2014లో తయారీ ఆగిపోయిన ఆ బుల్లి కారు గురించి తెలుగువాళ్ళకు కొత్తగా చెప్పేదేముంది! 796 సీసీ, మూడు సిలిండర్లు, ఐదుగురి సంసారం. ప్రతి ఆదివారం బానెట్ ఎత్తి చూసేవాణ్ణి. కూలెంట్ డబ్బాలో మట్టం కింది గీతకు దిగి ఉండేది. ఇంట్లో బోరు నీళ్ళు లీటరు సీసాకు పట్టి పై గీత దాకా పోసేవాణ్ణి. బానెట్ దించి చేతులు దులుపుకుంటే ఎంత తృప్తో! బండిని కన్నబిడ్డలా చూసుకుంటాడని వీధిలో నాకు పేరు కూడా వచ్చింది.

ఆ తృప్తే కొంప ముంచింది.

నింపడం కూడా ఒక పనే కదా. చెయ్యి ఆడుతుంది, మట్టం కళ్ళెదుటే పైకి లేస్తుంది, ఏదో చేశామన్న భరోసా వస్తుంది. దాంతో అడగాల్సిన ప్రశ్న నోటిదాకా రాదు. పోసిన నీళ్ళు ఎటు పోతున్నాయి? కూలెంట్ పెట్రోలులాగా ఖర్చయ్యే సరుకు కాదు. ఇంజిన్ వేడిని తీసుకుని రేడియేటర్ దగ్గర గాలికి వదిలేసి, మళ్ళీ ఇంజిన్‌లోకి వెళ్తుంది. తిరిగిందే తిరుగుతుంది. వారం వారం లీటరు తగ్గుతోందంటే ఎక్కడో చిల్లి పడిందన్నమాటే. అది నాకూ తెలుసు. తెలిసే పోశాను. ఎందుకంటారా? వెతికితే ఏం బయటపడుతుందో, ఎంత ఖర్చవుతుందో అని భయం. సీసా నీళ్ళు ఊరికే వస్తాయి మరి.

ముల్లు దిగిందని మురిసిపోకండి

మే నెల. హైదరాబాద్ నుంచి విజయవాడ వస్తున్నాం. నకిరేకల్ దాటాక టెంపరేచర్ ముల్లు ఎర్రగీత వైపు లేవడం మొదలైంది. ఏసీ కట్టేశాను, అద్దాలు దించాను, సూర్యాపేటలో టీకి ఆగినప్పుడు చూద్దాంలే అనుకున్నాను. ఊరు ఇంకా కాస్త దూరం ఉందనగా ముల్లు తనంతట తానే సర్రున కిందికి జారింది. "చూశావా, సర్దుకుంది" అన్నాను మా ఆవిడతో. రెండు మూడు నిమిషాలు గడిచాయో లేదో కమురు వాసన. ఇంజిన్ లాగడం మానేసింది. బండి రోడ్డు పక్కకు దొర్లి ఆగిపోయింది.

జరిగింది ఇదీ. ముల్లును ఆడించే సెన్సర్ నీళ్ళలో మునిగి ఉంటేనే నిజం చెబుతుంది. దాని చుట్టూ ఉన్న నీళ్ళు కాస్తా పోయాయి. ఇక అది కొలవడానికేమీ లేదు, ముల్లు దిగిపోయింది. ఇంజిన్ చల్లబడి కాదు, చెప్పే నాథుడు లేక.

ఈ సంగతి తెలిశాక నేను ఇంట్లో మనుషుల్ని చూసే తీరు కూడా మారింది. రోజూ ఫోను గురించి, మార్కుల గురించి నాతో వాదించే కొడుకు ఒక నెల నుంచి "సరే నాన్నా" అంటున్నాడు. దారికొచ్చాడని నలుగురికీ చెప్పుకున్నాను. దారికి రావడమేంటి, నాతో మాట్లాడటం దండగని తేల్చుకున్నాడు! ఆఫీసులో ప్రతి మీటింగులో అడ్డు ప్రశ్నలు వేసే కుర్రాడు ఈమధ్య తలూపుతున్నాడా? మీ పద్ధతి నచ్చిందనుకోకండి. వేరే ఉద్యోగం వెతుక్కుంటున్నాడేమో కనుక్కోండి. గొడవ చేసే ముల్లు కంటే చడీచప్పుడూ లేకుండా దిగిపోయిన ముల్లు గురించే ఎక్కువ భయపడాలి.

సూర్యాపేటలో మెకానిక్ చూసి హెడ్ గాస్కెట్ పోయిందన్నాడు. అల్యూమినియం హెడ్డు వేడికి వంగింది. విప్పి, లేత్‌కు పంపి ఫేసింగ్ చేయించి, కొత్త గాస్కెట్ వేసి బిగించాడు. నాలుగు రోజులు పట్టింది. పనికి వంక పెట్టడానికి లేదు. ఆయన అన్నది కూడా నిజమే: "ఇంజిన్ హీటెక్కింది సార్, గాస్కెట్ పోయింది." మరి ఎందుకు హీటెక్కింది? నీళ్ళు లేక. నీళ్ళెందుకు లేవు? ఈ ప్రశ్న ఆయన అడగలేదు. ఎనిమిది నెలల సీసా కథ నేనూ చెప్పలేదు. చెబితే తప్పు నాదని తేలుతుందని నోరు కుట్టుకున్నాను. రెండు వారాలకే డబ్బాలో మట్టం మళ్ళీ దిగింది.

టయోటా కంపెనీలో తైచీ ఓనో అనే ఇంజినీరు ఉండేవారు. ఏదైనా పాడైతే "ఎందుకు?" అని ఒక్కసారి కాదు, ఐదు సార్లు అడగమని పనివాళ్ళకు నేర్పేవారు. 1978లో వచ్చిన తన పుస్తకంలో ఆయన ఒక యంత్రం కథ చెబుతారు. యంత్రం ఆగింది, ఫ్యూజు పోయింది. కొత్త ఫ్యూజు వేస్తే నడుస్తుంది, మళ్ళీ పోతుంది. తవ్వుకుంటూ పోతే బేరింగ్‌కు నూనె అందట్లేదు. అందించే పంపు సరిగా లాగట్లేదు, దాని ఇరుసు అరిగింది. ఎందుకు అరిగిందంటే నూనెకు జల్లెడ లేక ఇనుపరజను లోపలికి పోయింది. ఫ్యూజు దగ్గర ఆగిపోయినవాడు జన్మంతా ఫ్యూజులు కొంటూనే ఉంటాడు. నేను గాస్కెట్ దగ్గర ఆగిపోయాను.

వేడి లేకుండా ఒత్తిడి

ఈసారి బండిని విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రి దగ్గరికి తీసుకెళ్ళాను. అరవై దాటిన మనిషి. బానెట్ జోలికి పోలేదు. స్టూలు లాక్కుని కూర్చుని నన్ను విచారించడం మొదలెట్టాడు.

"లీటరు ఎన్నాళ్ళకు పోతోంది బాబూ?"

"వారానికి."

"బండి తిరిగితేనా, నిలబడి ఉన్నా కూడానా?"

అది నేనెప్పుడూ చూడలేదు.

"ఎడం పక్క సీటు కింద పట్టా తడుస్తోందా? పొద్దున స్టార్ట్ చేసినప్పుడు వెనక గొట్టంలోంచి తెల్లపొగ వస్తోందా? ఆయిల్ మూత లోపల మీగడలాగా కడుతోందా?"

ఆయన అడిగే ప్రతి ప్రశ్నా ఒక గదికి తాళం వేసుకుంటూ పోవడమే. పట్టా తడిసి కూలెంట్ తీపివాసన వస్తే హీటర్ లోపల కారుతున్నట్టు. తీపివాసనతో తెల్లపొగ వదలకుండా వస్తే నీళ్ళు సిలిండర్‌లోకి దిగి ఆవిరవుతున్నట్టు. మీగడ కడితే ఆయిల్‌లో నీళ్ళు కలుస్తున్నట్టు. (పొద్దుటిపూట కాసేపు పొగ రావడం, బండి ఎక్కువ తిరగనప్పుడు మూత దగ్గర కొంచెం చెమ్మ పట్టడం మామూలే. అంతమాత్రానికే గుండెలు బాదుకోకండి. అలాగే ఏసీ వేసినప్పుడు కింద కారే చుక్కలు కూడా. వేలితో తాకి చూడండి. జిగట, రంగు, వాసన లేకపోతే అది వట్టి నీరే.) నా బండిలో ఇవేవీ లేవు. అంటే చిల్లి బయటివైపే ఉంది. ఒక్క పాన కూడా పట్టకుండా సగం ఇంజిన్‌ను పక్కన పెట్టేశాడు.

"ఇంజిన్ వేడి మీదుంది. రెండు గంటలాగి చూద్దాం" అన్నాడు. నాకు ఆఫీసు టైమవుతోంది. "మూత తీసి ఒకసారి చూడరాదా మేస్త్రిగారూ?" అన్నాను. ఆయన తన మోచేతి మీద కాలిన పాత మచ్చ చూపించాడు. ఒకప్పుడు తనకూ తొందరే.

రేడియేటర్ మూత వట్టి మూత కాదు, స్ప్రింగు పెట్టిన వాల్వు. నా బండి మూత మీద 0.9 అని ఉంటుంది. అంటే చదరపు సెంటీమీటరుకు 0.9 కిలోల ఒత్తిడి వచ్చేదాకా అది తెరుచుకోదు. మామూలుగా 100 డిగ్రీల దగ్గర మరిగే నీళ్ళు ఆ ఒత్తిడి కింద సుమారు 118 దాకా మరగవు. వేడి మీద మూత తీశారా, ఒత్తిడి ఒక్కసారిగా పోతుంది, 100 దాటి ఉన్న నీళ్ళన్నీ ఆ క్షణమే మరిగి మొహం మీదికి ఎగజిమ్ముతాయి. రాత్రి 11 గంటలకు, ఇద్దరూ అలిసిపోయి ఉన్నప్పుడు "అసలు నీ సమస్యేంటి?" అని అడిగే మొగుళ్ళందరూ చేసేది సరిగ్గా ఇదే.

చల్లారాక ఆయన మూత తీసి, ఆ చోట ఒక చేతిపంపు బిగించాడు. సైకిల్ పంపులాంటిదే, గడియారంలాంటి మీటరు ఉంటుంది. నాలుగు సార్లు కొట్టి ముల్లును 0.9 దగ్గర నిలిపాడు. ఇంజిన్ ఆఫ్‌లోనే ఉంది. బండి చల్లగా ఉంది. లోపల మాత్రం ఎండాకాలం హైవే మీద ఉన్నంత ఒత్తిడి.

ఈ ఒక్కటే చాలు, నేను ఆయన కాళ్ళకు మొక్కడానికి. బండి నడుస్తుంటే చిల్లి ఎందుకు దొరకదో అప్పుడు అర్థమైంది. కారిన చుక్క కాలుతున్న ఇనుము మీద పడి ఆవిరైపోతుంది, నేల తడవదు. పైగా ఫ్యాను, బెల్టులు తిరుగుతుంటే చెయ్యి పెట్టలేం. ఆగి చల్లారితేనేమో ఒత్తిడి ఉండదు, చిల్లి కారదు. అందుకే వేడి లేకుండా ఒత్తిడి పెట్టాలి.

పోటీపరీక్షలకు చదివే పిల్లలకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఇంట్లో గడియారం పెట్టుకుని రాసే మాక్ టెస్టు అంటే ఇదే. గ్రూప్స్ పరీక్ష హాల్లో చెమటలు పడుతున్నప్పుడు ఎక్కడ కారుతోందో తెలుసుకోలేరు. మార్కులు రాలేదని కొత్త మెటీరియల్ కొనడం నీళ్ళు పోయడమే. రాసిన టెస్టు ముందేసుకుని ఏ చాప్టర్‌లో, ఎన్నో నిమిషంలో తప్పులు మొదలయ్యాయో చూసుకోవడం పంపు కొట్టడం.

మీటరు ముల్లు అందరం చూస్తుండగానే మెల్లగా దిగుతోంది. ఎక్కడా చుక్క లేదు. మేస్త్రి తొందరపడలేదు. హోస్ పైపుల్ని ఒక్కొక్కటీ నొక్కి చూశాడు. గట్టిగా ఉన్నాయి, క్లిప్పుల దగ్గర పొడిగా ఉంది. వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది, లోపలి సీలు పోతే అందులోంచి కారుతుంది. అక్కడా పొడే. అప్పుడు టార్చి, పళ్ళ డాక్టరు వాడేలాంటి చిన్న అద్దం తీసుకుని ఇంజిన్ వెనక్కి దూర్చాడు. "ఇదిగో, ఇక్కడ ఏడుస్తోంది" అన్నాడు.

నేను తొంగి చూస్తే కింది అంచున చెమ్మ కనిపించింది. "కాదు, అది జారి వచ్చిన తడి. పైకి చూడు" అన్నాడు. నీళ్ళు పుట్టిన చోట ఆగవు. పైన కారి, ఏ పైపునో పట్టుకుని జారి, ఎక్కడో కింద చుక్క కడతాయి. చుక్క కట్టినచోట ఉన్న సామానుకు శిక్ష పడుతుంది. ఇంట్లోనూ అంతే, ఆఫీసులో బాసు మీది కోపం పప్పులో ఉప్పు దగ్గర చుక్క కడుతుంది. పాపం, వంట చేసినవాళ్ళు మారుస్తామంటారు, ఉప్పు తగ్గిస్తారు.

పైన, ఇనుప దిమ్మలో ఒక గుండ్రటి బిళ్ళ చుట్టూ ఎర్రటి తుప్పు గీత. దాన్ని వెల్చ్ ప్లగ్గు అంటారు. ఇంజిన్ దిమ్మ పోత పోసినప్పుడు మిగిలే రంధ్రాలను మూసే పల్చటి రేకు బిళ్ళ. సూదిమొనంత చిల్లి.

"ఏం నీళ్ళు పోశావు బాబూ?"

"బోరు నీళ్ళు."

ఆయన నవ్వలేదు, తిట్టలేదు. కూలెంట్‌లో తుప్పు పట్టనివ్వని మందు ఉంటుంది. నేను వారం వారం పోసిన ఉప్పునీళ్ళతో అది పలచబడి పోయింది. పోసినప్పుడల్లా కొత్త నీళ్ళతో కొత్త గాలి లోపలికి వెళ్ళింది, రేకు లోపలి నుంచి తినేసింది. మొదట్లో కారింది ఏ వదులైన క్లిప్పో అయ్యుంటుంది, స్క్రూడ్రైవర్ ఒక తిప్పు తిప్పితే పోయేది. ఈ చిల్లి మాత్రం నేను పెట్టిందే. నా సీసాతో, నా శ్రద్ధతో.

మీ సీసా ఏది?

ఇంటికొచ్చాక నాకు వెంటనే తట్టింది క్రెడిట్ కార్డు. ప్రతి నెలా 20వ తేదీకి జీతం అయిపోయేది. కార్డు మీద లాగించి, బిల్లు వస్తే కనీస మొత్తం కట్టి హమ్మయ్య అనుకునేవాణ్ణి. మట్టం పై గీత దాకా వచ్చినట్టే ఉండేది. కానీ మిగతా బాకీ మీద కార్డులు మామూలుగా నెలకు 3 నుంచి 4 శాతం దాకా వడ్డీ వేస్తాయి, ఏడాదికి 40 శాతం అటూ ఇటూ. ఊళ్ళో వడ్డీ వ్యాపారి నూటికి మూడు అడిగితే రక్తం తాగుతున్నాడంటాం. ఇక్కడ చిల్లిని పూడ్చడానికి పోస్తున్నదే చిల్లిని పెద్దది చేస్తోంది.

మేస్త్రి పద్ధతే ఇంట్లోనూ పాటించాం. నెలాఖరు రాత్రి కాదు, జీతం పడ్డ తర్వాత వచ్చిన మొదటి ఆదివారం, ఇడ్లీలు తిన్నాక. చల్లగా ఉన్నప్పుడు. మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు ముందేసుకున్నాం. "ఈ నెల జీతం రాకపోతే ఏమవుతుంది?" అని మమ్మల్ని మేమే అడుక్కుని పంపు కొట్టాం. ఎవరు ఖర్చు పెట్టారన్న మాట ఎత్తకూడదని ముందే ఒప్పందం. ఇంత కొండ తవ్వితే దొరికింది ఎలుకే: ఎవరూ చూడని నాలుగు యాప్‌ల చందాలు, నేను మొహమాటానికి కడుతున్న ఒక చీటీ. అసలు చిల్లి చీటీది. దాన్ని మూయడానికి ఒక స్నేహితుడితో ఇబ్బందిగా అరగంట మాట్లాడాల్సి వచ్చింది. మూడేళ్ళు నీళ్ళు పోసింది ఆ అరగంట తప్పించుకోవడానికే.

నిద్ర చాలక సాయంత్రం ఆరింటికి స్ట్రాంగ్ కాఫీ తాగేవాళ్ళు కూడా ఈ లెక్కలోకే వస్తారు. కాఫీలోని కెఫీన్ సగం తగ్గడానికే చాలామందికి ఐదు గంటలు పడుతుంది. రాత్రి నిద్ర ఇంకాస్త తగ్గుతుంది, మర్నాడు ఇంకో కప్పు. వివరించక్కర్లేదు, మీకే తెలుసు.

పసుపు సంగతి కూడా చెప్పాలి. రేడియేటర్ కారుతుంటే పిడికెడు పసుపు వేసి నడిపేయడం మన డ్రైవర్లకు తెలిసిన పాత చిట్కా. పని చేస్తుంది కూడా, పసుపు ఉబ్బి చిల్లికి అడ్డం పడుతుంది. అర్ధరాత్రి అడవిలో ఆగిపోతే నేనూ వేస్తాను, దాన్ని చిన్నచూపు చూడను. కాకపోతే అది చిల్లినీ, రేడియేటర్ సన్నగొట్టాలనీ వేరు చేసి చూడదు. దొరికినదాన్నల్లా మూసేస్తుంది. ఊరు చేరాక కడిగించుకోవాలి. సారీ చెప్పి గొడవ ఆపడం పసుపు లాంటిది. ఆ రాత్రికి చాలు, ఆర్నెల్లకు చాలదు.

నా బండికి వేసిన బిళ్ళ ఖరీదు పదుల్లో. దాన్ని అందుకోవడానికి అడ్డమొచ్చినవన్నీ విప్పిన కూలి వేలల్లో. మేస్త్రి ఒక్కటి మార్చి ఊరుకోలేదు, చెయ్యి అందిన బిళ్ళలన్నీ మార్చాడు. "అవీ ఆ నీళ్ళే తాగాయిగా బాబూ" అన్నాడు. తర్వాత సిస్టమంతా కడిగి కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి నింపాడు. కింద పట్టిన పాత కూలెంట్‌ను కాలవలో పారబోయనివ్వలేదు, డబ్బాకెత్తి మూత పెట్టించాడు. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, ప్రాణం పోతుంది. పసిపిల్లలకూ అంతే ప్రమాదం.

మీ బండి విషయంలో అనుమానం ఉంటే ఇవాళ రాత్రి ఇంజిన్ కింద పాత దినపత్రిక పరవండి. పేపరు పొడిగా ఉన్నంత మాత్రాన చిల్లి లేదనుకోకండి, చల్లారిన బండి కారకపోవచ్చని చెప్పాను కదా. పొద్దున తడి కనిపిస్తే సీసా కోసం లోపలికి పరుగెత్తకండి. తడి ఏ చక్రానికి ఎన్ని జానల దూరంలో ఉందో, ఏ రంగులో ఉందో ఆ పేపరు మీదే పెన్నుతో రాయండి. ఆ పేపరును కవర్లో పెట్టి, తాకిన చేతులు కడుక్కోండి. మేస్త్రి దగ్గరికి వెళ్ళినప్పుడు బండి తాళంతో పాటు ఆ పేపరు కూడా ఇవ్వండి. ఇన్నాళ్ళుగా ఏం పోస్తున్నారో కూడా దాచకుండా చెప్పండి.